గోదావరి కింద పగిలిన నేల

2024 డిసెంబరు 4, బుధవారం పొద్దున 7 గంటల 27 నిమిషాలు. హైదరాబాద్‌లో టిఫిన్ బాక్సులు సర్దే వేళ, స్కూలు బస్సు కోసం గేటు దగ్గర నిలబడే వేళ. కొన్ని సెకన్లపాటు నేల కదిలింది. పై అంతస్తుల్లో మంచం మీద ఉన్నవాళ్లకు తెలిసింది, ట్రాఫిక్‌లో ఉన్నవాళ్లకు తెలియలేదు. కాసేపటికి టీవీల్లో స్క్రోలింగ్ మొదలైంది: ములుగు జిల్లా కేంద్రంగా భూకంపం, తీవ్రత 5.3. ప్రాణనష్టం ఏమీ లేదు. మధ్యాహ్నానికి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు వేరే విషయానికి వెళ్లిపోయాయి.

దక్కన్ పీఠభూమి గట్టి నేల, ఇక్కడ భూకంపాలు రావు అని అందరం బడిలో చదువుకున్నదే. హైదరాబాద్ వరకు ఆ మాట చాలావరకు నిజం. ప్రగతి నగర్, నిజాంపేట, బాచుపల్లి వైపు కొత్త అపార్ట్‌మెంటుకు సెల్లార్ తవ్వించే బిల్డరును అడిగితే చెబుతాడు, మట్టి తీసే ఖర్చు కన్నా బండ పగలగొట్టే ఖర్చే ఎక్కువని. ఆ బండ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. బోరు వెయ్యి అడుగులు దిగినా అదే బండ. కానీ అక్కడి నుంచి ఈశాన్యంగా వరంగల్ దాటి ములుగు అడవుల వైపు సాగితే, రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఈ గ్రానైట్ కథ ముగుస్తుంది. గుండ్ల మీద గుండ్లు పేర్చినట్టుండే గుట్టలు మాయమవుతాయి. వాటి స్థానంలో ఎర్రటి, పసుపుపచ్చటి ఇసుకరాతి కొండలు, పొరలు పొరలుగా, పైన చదునుగా కనిపిస్తాయి. అక్కడ మొదలయ్యేది గోదావరి పగులు లోయ.

పగులు లోయ అంటే మనకు ముందుగా గుర్తొచ్చేది తూర్పు ఆఫ్రికా. ఎర్ర సముద్రం దక్షిణపు అంచున ఇథియోపియాలోని అఫార్ నుంచి కెన్యా, టాంజానియాల మీదుగా మొజాంబిక్ దాకా నేల రెండుగా విడిపోతున్న ప్రాంతం అది. బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త జాన్ వాల్టర్ గ్రెగరీ 1893లో కెన్యా వెళ్లి చూసి, ఇది నది కోసిన లోయ కాదు, నేల కుంగి ఏర్పడిన లోయ అని తేల్చాడు. జొన్నరొట్టెను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ మెల్లగా లాగితే నడుమ పలచబడి, చీలి, దిగబడుతుంది. నేలకూ అంతే. రెండు పక్కల గట్లు నిలబడి ఉంటాయి, మధ్య పట్టీ కిందికి జారుతుంది. అక్కడ గట్లు విడిపోయే వేగం ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు. ఒక్కోసారి మాత్రం లెక్క తప్పుతుంది. 2005 సెప్టెంబరులో అఫార్‌లోని దబ్బాహు అగ్నిపర్వతం దగ్గర కొన్ని వారాల్లోనే దాదాపు 60 కిలోమీటర్ల పొడవున నేల చీలింది. కొన్నిచోట్ల ఎనిమిది మీటర్ల దాకా ఎడమైంది.

ఆ లోయలో కిలోమీటరున్నర లోతున్న టాంగన్యీకా సరస్సు ఉంది, మసాయి పశువుల కాపరులు ఉన్నారు, సోడా పేరుకుని గులాబీ రంగు తేలే మగాడీ సరస్సు ఉంది. మగాడీలో సోడా తీసే కంపెనీ ఇప్పుడు టాటాలదే. మానవుల పూర్వీకురాలిగా పేరుపడ్డ 'లూసీ' ఎముకలు 1974లో దొరికిందీ ఆ లోయలోని హదార్‌లోనే. ఇంత వైభవం ఉంటే ప్రపంచం అటే చూస్తుంది, అందులో వింతేమీ లేదు.

మన లోయలో సరస్సులు లేవు, అగ్నిపర్వతాలు లేవు. నిజానికి అక్కడ నిలబడి చూస్తే లోయ అన్న సంగతే తోచదు. ఈ లోయ మహారాష్ట్రలోని చంద్రపూర్ వైపు నుంచి వచ్చి, ప్రాణహిత, గోదావరి కలిసే కాళేశ్వరం మీదుగా, మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి, ములుగు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలను దాటి, ఆంధ్రలో చింతలపూడి, ఏలూరు వైపు కోస్తా మట్టి కిందికి దిగిపోతుంది. పొడవు నాలుగు వందల కిలోమీటర్లకు పైనే, వెడల్పు యాభైకి అటూ ఇటూ. పడమట గట్టు ధార్వార్ శిలలది, తూర్పు గట్టు బస్తర్ శిలలది. ఈ రెంటి మధ్య నేల కుంగడం దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. ఆఫ్రికా లోయ వయసు సుమారు మూడు కోట్ల ఏళ్లే. అది ఇంకా చీలుతోంది. మనది చీలుతూ చీలుతూ ఆగిపోయింది. ఆగిపోయిన గోతిని నదులు ఊరుకోనివ్వవు కదా, ఇసుకా మట్టీ తెచ్చి పోశాయి. మూడు కిలోమీటర్లకు మించిన మందాన పూడిపోయిన లోయ మీద ఇవాళ టేకు అడవి పెరుగుతోంది, పత్తి చేలు కాస్తున్నాయి, బొగ్గు లారీలు తిరుగుతున్నాయి.

ఆ పూడికలో అట్టడుగు పొర చూస్తే ఎవరికైనా ఆశ్చర్యమే. అది మంచు తెచ్చి పడేసిన రాళ్ల పొర. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండం, చంద్రపూర్ ప్రాంతాల్లో ఒకప్పుడు హిమానీనదాలు పాకాయి. అప్పుడు ఇండియా, ఆఫ్రికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, దక్షిణ అమెరికా ఒకే ఖండం, ఆ ఖండం దక్షిణ ధ్రువానికి చేరువలో ఉండేది. చంద్రపూర్ జిల్లా ఇరాయి దగ్గర సున్నపురాతి మీద మంచు ఈడ్చుకెళ్లిన రాళ్లు గీసిన గాట్లను భూగర్భ సర్వే వాళ్లు 19వ శతాబ్దంలోనే గుర్తించారు. మంచు కరిగాక వాతావరణం వెచ్చబడింది. కుంగుతున్న లోయలో చిత్తడి అడవులు పుట్టాయి. గ్లోసోప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల చెట్లు కూలి, బురదలో కూరుకుపోయి, వాటి మీద మళ్లీ ఇసుక, మళ్లీ అడవి. నేల కుంగుతూనే ఉండటం వల్ల ఈ పని లక్షల ఏళ్లు ఆగలేదు. మామూలు చిత్తడి అయితే కొంతకాలానికి నిండిపోయేది, ఇక్కడ నిండలేదు. సింగరేణి పొరలు అంత మందంగా ఉండటానికి కారణం అదే. ఇవే ఆకుల అచ్చులు దక్షిణాఫ్రికా బొగ్గులోనూ దొరుకుతాయి.

ఆకులతో ఆగలేదు ఈ చుట్టరికం. మంచిర్యాల ప్రాంతంలోని కుందారం పొరల్లో ఎండోథియోడాన్ అనే, పక్షిలాంటి ముక్కు ఉన్న శాకాహారి పుర్రెలు దొరికాయి. రాక్షస బల్లుల కన్నా ముందటి జంతువు అది. దాని బంధువులు దక్షిణాఫ్రికా, టాంజానియా, మొజాంబిక్, జాంబియా, మలావీల్లోనూ దొరికాయి. ఇక్కడి జాతికి కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ పేరు పెట్టారు. గణాంకాల సంస్థకు ఎముకలతో ఏం పని అనిపిస్తుంది. మహలనోబిస్ తన సంస్థలో 1950లలోనే భూగర్భ శాస్త్ర విభాగం పెట్టించి, లండన్ నుంచి పామెలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను పిలిపించాడు. ఆమె శిష్యులు సిరొంచ అడవుల్లో పోచంపల్లి అనే ఊరి దగ్గర తవ్వితే ఒక రాక్షస బల్లి జాతికి చెందిన దాదాపు 300 ఎముకలు బయటపడ్డాయి. అది రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతి సమయం. అందుకే 1975లో ఆ రాక్షస బల్లికి బారాపాసారస్ టాగోరై అని నామకరణం చేశారు. ప్రపంచంలో ఒక కవి పేరు మోస్తున్న డైనోసార్లు ఎన్నో ఉండవు.

దీన్ని చూడాలంటే కలకత్తా వెళ్లాలి. ఇదే లోయలో దొరికిన ఇంకో రాక్షస బల్లిని చూడాలంటే ప్రగతి నగర్ నుంచి ఎర్రమంజిల్ దాటి నౌబత్ పహాడ్ ఎక్కితే చాలు. బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన అస్థిపంజరం కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్‌ది. పేరులో ఉన్న యామన్‌పల్లి ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, ఇప్పటి మంచిర్యాల జిల్లాలో, ప్రాణహిత పక్కన ఉన్న పల్లె. 1970లలో జియలాజికల్ సర్వే వాళ్లు అక్కడ తవ్వారు. పి. యాదగిరి 1988లో దాన్ని కొత్త జాతిగా ప్రకటించారు. పిల్లలను పక్కన నిలబెట్టి ఫొటో తీసుకుంటాం. దాని ఊరు మన రాష్ట్రంలోనే ఉందన్న సంగతి మాత్రం చాలామంది తల్లిదండ్రులకే తెలియదు.

ఇండియా, ఆఫ్రికా కలిసి ఉన్న ఆ ఉమ్మడి ఖండానికి గోండ్వానా అని పేరు. గోండుల దేశం కాబట్టి ఆ పేరు. 1870లలో భూగర్భ సర్వే అధికారులు మధ్య భారతపు బొగ్గు పొరలకు పెట్టిన పేరును ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సూస్ ఖండం మొత్తానికి వాడాడు. ఆఫ్రికా, ఆస్ట్రేలియా పిల్లలు పాఠాల్లో చదివే ఖండం పేరు మన అడవి మనుషులది. ఆ మనుషులకు దక్కింది మాత్రం వేరే లెక్క. లోయ పడమటి అంచు కొండల్లో, జోడేఘాట్‌లో, జల్ జంగల్ జమీన్ కోసం నిజాం సర్కారుతో పోరాడి కొమురం భీం 1940లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఎందుకింత తిరుగుబాటు వచ్చిందో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ సాయం తీసుకుంది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయి గోండు గూడెంలో ఉండి పనిచేశారు. గోండి భాషలో బడులు పెట్టించారు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే సమాధి మార్లవాయిలోనే కట్టారు.

దక్షిణానికి వచ్చేసరికి ఈ లోయ కోయలది. గోదావరి రెండు గట్ల మీదా, ములుగు నుంచి భద్రాచలం దాటి పోలవరం దాకా వాళ్ల గూడేలే. పాపికొండల దగ్గర కొండరెడ్లు, ఆసిఫాబాద్ వైపు కొలాములు, నాయకపోడులు. ఎండాకాలంలో తునికాకు కోత, మార్చిలో ఇప్పపువ్వు ఏరడం, జీలుగు కల్లు, వానలకు పోడు సాగు, వీటి చుట్టూ ఏడాది తిరుగుతుంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక అక్కడి నుంచి పారిపోయి వచ్చిన గొత్తికోయలు కూడా ఈ అడవుల్లోనే గుడిసెలు వేసుకున్నారు. వాళ్లకు ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ రాదు.

రెండేళ్లకోసారి మాఘమాసంలో తాడ్వాయి మండలం మేడారానికి సమ్మక్క, సారలమ్మలను కోయ పూజారులే గద్దెల మీదికి తెస్తారు. జంపన్నవాగులో స్నానం చేసి, బెల్లం మోసుకొచ్చే జనం కోటి దాటుతారని అంచనా. హైదరాబాద్ నుంచి బస్సెక్కి వెళ్లే భక్తుల్లో ఐటీ కారిడార్ సెక్యూరిటీ గార్డు ఉంటాడు, టీమ్ లీడరూ ఉంటాడు. వాళ్ల బస్సు తాడ్వాయి అడవిలోకి దిగుతున్నప్పుడు అది పగులు లోయలోకి దిగుతోందని ఎవరికీ పట్టదు. అదే తాడ్వాయి మండలంలో దామరవాయి గుట్ట మీదా, గోదావరి వెంట ఇంకా దిగువన జానంపేట దగ్గరా రాతి పలకలను నిలబెట్టి పైన బండను కప్పుగా వేసిన ఆదిమ సమాధులు వరుసగా ఉన్నాయి. ఇసుకరాయి పొరల వెంట పలకలుగా లేస్తుంది. గ్రానైట్‌తో అయితే ఇనుప పనిముట్లున్నా అంత సులువు కాదు. అంత పెద్ద పలకలు అంతమందికి అక్కడే ఎందుకు దొరికాయో రాయే చెబుతుంది.

ఇక బొగ్గు. భద్రాచలం పోయే యాత్రికులు ఇల్లెందు అడవిలో వంటకు నల్లరాళ్లు పొయ్యిగా పెడితే రాళ్లే అంటుకున్నాయని కోల్‌బెల్టులో ఒక కథ చెబుతారు. కాగితాల ప్రకారమైతే 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ సింగరేణి గ్రామం దగ్గర బొగ్గు ఉన్నట్టు రాశాడు. 1886లో లండన్‌లో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పట్టింది. కొద్దికాలంలోనే వాటాల కుంభకోణం బయటపడి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్లింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ ఏర్పడింది. ఇవాళ అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా.

పటం మీద సింగరేణి ఊళ్లను కలిపి గీత గీస్తే లోయ ఆకారం దానంతటదే తేలుతుంది: బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్, గోదావరిఖని, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం, ఇల్లెందు, సత్తుపల్లి. ఈ ఊళ్లలో టైమును షిఫ్టులతో చెబుతారు. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, రాత్రి పాళీ. తట్టా చెమ్మస్ పట్టుకుని బాయి దిగి బొగ్గు ఎత్తిన తరం ఇప్పుడు రిటైరై అరుగుల మీద కూర్చుంది. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల దగ్గర ఉన్నారు. ఉత్పత్తి మాత్రం పెరిగింది, 2023-24లో 7 కోట్ల టన్నులు. బాయిలు తగ్గి ఓపెన్‌కాస్టులు రావడమే కారణం. భూగర్భ గనుల నుంచి వచ్చేది ఇప్పుడు దాదాపు పదో వంతే. గోదావరిఖని దగ్గరైనా, మణుగూరు దగ్గరైనా కొత్తగా పుట్టిన గుట్టలు కనిపిస్తాయి. అవి ఓబీ కుప్పలు, బొగ్గు కోసం తీసి పోసిన మట్టి.

ఆ బొగ్గులో చాలాభాగం ఎక్కువ దూరం పోదు. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ, దాని పక్కనే 1,600 మెగావాట్ల కొత్త స్టేషన్, జైపూర్‌లో సింగరేణి సొంత 1,200, భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1,100, మణుగూరులో భద్రాద్రి 1,080, ఇవి కాక పాల్వంచ కేటీపీఎస్. అన్నీ ఈ లోయలోనో, దాని గట్టు మీదో ఉన్నాయి. మాదాపూర్, గచ్చిబౌలి టవర్లలో రాత్రంతా తిరిగే ఏసీలకూ, ప్రగతి నగర్ అపార్ట్‌మెంట్ల లిఫ్టులకూ వచ్చే కరెంటులో పెద్ద భాగం ఆ చిత్తడి అడవుల బొగ్గుదే.

లోయ ఇంకొకటి కూడా ఇస్తోంది, అది అంతగా ఎవరూ పట్టించుకోనిది. భద్రాచలానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో గుండాల దగ్గర గోదావరి ఒడ్డు ఇసుకలో గుంట తీస్తే వేడినీళ్లు ఊరతాయి. పక్కనే నది చల్లగా పారుతుంటుంది. యాత్రికులు ఆ నీళ్లు నెత్తిన చల్లుకుని వెళ్తారు. మణుగూరు మండలం పగిడేరులో లోతు బోరు నుంచి మోటారు లేకుండానే వేడినీళ్లు ఉబికి వస్తున్నాయి. నేల కింద అగ్నిపర్వతం ఏదీ లేదు. వాన నీరు లోయ పగుళ్లలోంచి చాలా లోతుకు దిగి, అక్కడి వేడికి కాగి, ఇసుకరాతి పొరల ఒత్తిడికి మళ్లీ పైకి తన్నుకొస్తుంది. ఈ పొరలు నీళ్లను స్పంజిలా పట్టి ఉంచుతాయి కాబట్టే ఈ లోయలో కొన్నిచోట్ల రైతుల బోర్లు కరెంటు లేకున్నా పోస్తాయి. వెయ్యి అడుగుల బోరు వేయించి ట్యాంకరు కోసం ఎదురుచూసే ప్రగతి నగర్ వాసికి ఇది అన్యాయంగా తోచవచ్చు. పగిడేరు నీళ్లతో 20 కిలోవాట్ల కరెంటు తీసే ప్రయోగాన్ని సింగరేణి చేపట్టింది. కెన్యా తన లోయలో నైవాషా పక్కన ఒల్కారియా ఆవిరితో వందల మెగావాట్లు తీస్తోంది. ఆ దేశపు కరెంటులో సగానికి కాస్త తక్కువ భూతాపానిదే. అక్కడ కింద కరిగిన శిల ఉంది, ఇక్కడ లేదు, కాబట్టి పోటీ కుదరదు. కానీ 20 కిలోవాట్ల దగ్గరే ఆగాల్సినంత చిన్నదేం కాదు ఈ వేడి.

లోయ చీలడం ఆగినా అంచుల్లో ఒత్తిడి పేరుకుంటూనే ఉంటుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన కంపనం హైదరాబాద్ దాకా తెలిసింది. ఆ తర్వాత దానికి దగ్గరగా వచ్చినది 2024 డిసెంబరులోనే. 2002 భూకంప పటంలో గోదావరి లోయ మూడో జోన్‌లో, హైదరాబాద్ రెండో జోన్‌లో ఉన్నాయి. ఆఫ్రికాలో లాగా ఇక్కడ రేపు సముద్రం పుడుతుందన్న యూట్యూబ్ వీడియోలను నమ్మాల్సిన పని లేదు. కొత్తగూడెంలో, భద్రాచలంలో కట్టే బహుళ అంతస్తుల భవనాల్లో ఇనుము ఎంత వేస్తున్నారన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే.

లోయ సంపద కోసం చోటు వదలాల్సి వచ్చినవాళ్లు రెండు చోట్లా ఉన్నారు. కెన్యాలో ఒల్కారియా విస్తరణకు అడ్డమని 2014లో మసాయి కుటుంబాలను వేరే చోటికి తరలించారు. కొత్త ఇళ్లు కట్టించారు కానీ పశువుల మేతకు ఆ నేల పనికిరాదని వాళ్లు ప్రపంచ బ్యాంకు దాకా వెళ్లి మొరపెట్టుకున్నారు. కోల్‌బెల్టులో ఓపెన్‌కాస్టు కింద పోయిన ఊళ్లవాళ్లకు ఆ మొర అర్థం కావడానికి వివరించి చెప్పనక్కర్లేదు. ఇల్లు పోతే డబ్బులు వస్తాయి, పట్టా ఉన్న చెలక పోతే డబ్బులు వస్తాయి. తరాలుగా పోడు చేసుకుంటున్నా కాగితం లేని కోయ రైతుకు మాత్రం పోయిన భూమిని రుజువు చేసుకోవడమే పెద్ద పని. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాల పంపిణీని ఆసిఫాబాద్ నుంచి మొదలుపెట్టింది. దరఖాస్తు పెట్టుకున్న భూమి అంతకన్నా చాలా ఎక్కువ. మిగిలినవాళ్లు ఇంకా ఎమ్మార్వో ఆఫీసు, ఫారెస్టు రేంజ్ ఆఫీసుల మధ్య తిరుగుతున్నారు.